దగ్గరే గదా!

నరసరావుపేటనుండి చిలకలూరిపేటకు ఎంత దూరమని మన ప్రాంతమువారిని ఎవరినైనను అడిగి చూడుడి. కిలోమీటర్ల లెక్క చెప్పువారు కొద్దిమంది. "ఎంతోలేదండీ, దగ్గరే గదా" అనువారే ఎక్కువమంది. తిన్నని దారిని పోయినయెడల సుమారు 22 కిలోమీటర్లు. కోటప్పకొండ మీదుగా చుట్టు తిరిగి పోయినయెడల మరికొంత ఎక్కువ. రైలు ఎక్కవలసిన చిలకలూరిపేటవారు నరసరావుపేటకు వచ్చుచుందురు. ఒంగోలు, నెల్లూరు పోవు జాతీయ రహదారిని పట్టుకొనుటకు నరసరావుపేటవారు చిలకలూరిపేటకు పోవుచుందురు. 2022 ఏప్రిలు 4వ తేదీని పల్నాడు జిల్లా ఏర్పడినది మొదలు కలెక్టరు కచేరీ పనికి కూడ చిలకలూరిపేటవారు గుంటూరు పోక నరసరావుపేటకే రావలసియున్నది. ఇట్లు ఈ దారి మనకు ఇంటి వసారావలె అలవాటైపోయినది.

ప్రియ చదువరీ, ఆ "దగ్గరే గదా" అను మాటనుగూర్చియే ఈ నెల మీతో కొంత ఆలోచింపగోరుచున్నాను. అది చిన్న మాటయే. గాని దాని వెనుక ఒక పెద్ద ప్రశ్న యున్నది. కీడు తలపెట్టని మనుష్యుని అజాగ్రత్తవలన మరియొకనికి కీడు కలిగినప్పుడు అతడు నిర్దోషియగునా? "నేను కావలెనని చేయలేదు" అని చెప్పుట చాలునా?

హైదరాబాదుకు పోవలసివచ్చినప్పుడు మనమేమి చేయుదుము? ముందటి దినమే సంచి సర్దుదుము. బండి టైర్లలో గాలి చూపింతుము. పులిహోర పొట్లము కట్టించుకొందుము. పాలు తీయుట ఎవరికి అప్పగింపవలెను, తిరిగి వచ్చుట ఏ పూట అని ఇల్లాలితో మాటలాడుకొందుము. చిలకలూరిపేటకైతే? చొక్కా తగిలించుకొని బండి ఎక్కుదుము. పెట్రోలు ముల్లు ఎక్కడ నిలిచియున్నదో చూడము, వెనుక దీపము వెలుగుచున్నదో లేదో చూడము. దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు సామెత చెప్పిరి గాని దగ్గర కొండనుగూర్చి ఏమియు చెప్పకపోయిరి. ఏ దిక్కునుండి చూచినను కోటప్పకొండకు మూడు శిఖరములు కనబడునని ఇక్కడివారందురు. పొలములో కలుపు తీయుచు తల యెత్తినను కనబడును, మేడమీద బట్టలారవేయుచు చూచినను కనబడును. కంటికి కనబడుచున్నది గనుక కాలికి అందినట్లే అనుకొందుము.

అయితే ఆ కొండకు పోవు దారిలోనే సంవత్సరమునకొకసారి దీనికి సరిగా విరుద్ధమైన సంగతి జరుగుచున్నది. మహాశివరాత్రికి చుట్టుప్రక్కల గ్రామములవారు ప్రభలు కట్టుదురు గదా. కొన్ని 80, 90 అడుగుల ఎత్తుకు పైబడును. వాటి ప్రయాణము ఎన్నియో మైళ్లు కాదు. చిలకలూరిపేట ప్రక్కనున్న పురుషోత్తమపట్నమునుండి గాని, కావూరునుండి గాని కొండవరకే. కాని ఆ కొద్ది దూరమునకు వారు పడు తాపత్రయము చూడుడి! రోజుల తరబడి కట్టెలు, వెదుళ్లు బిగింతురు. నాలుగు వైపుల మోకులు పట్టుకొనువారెవరో ముందే ఏర్పరచుకొందురు. దారికి అడ్డముగా పోవు విద్యుత్తు తీగెలను ఎక్కడెక్కడ విప్పవలెనో, ఎప్పుడు కరెంటు నిలుపవలెనో విద్యుత్తు శాఖవారితో మాటలాడుకొందురు. ఎక్కడ మలుపున్నది, ఎక్కడ కల్వర్టు ఇరుకుగానున్నది అని దారి పొడవున చూచుకొందురు. అది మన పండుగ కాదు. అయినను నేర్చుకొనదగినది ఎక్కడనున్నను నేర్చుకొనవలెను. ప్రభ పడిపోయిన యెడల అది ఎవరిమీద పడునో వారికి తెలియును. అందుచేత వారు దూరమును కొలుచుకొనరు. దారి ప్రక్కన నిలుచు జనమును లెక్కపెట్టుకొందురు.

(ఒక మాట. ఆ శివరాత్రి దినముననే చిలకలూరిపేటలో పెండ్లి పెట్టుకొని, నరసరావుపేట చుట్టాలను కోటప్పకొండ మీదుగా రమ్మనువారు ఇప్పటికిని ఉన్నారు. క్యాలెండరు కొనునది గోడకు అందము కొరకు మాత్రమే కాదని వారికెవరైన చెప్పవలెను.)

ఇప్పుడు కొంచెము లెక్క వేయుదము. బడి పిల్లలును వేయగల లెక్క. 22 కిలోమీటర్ల దారిని గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోయినయెడల 33 నిమిషములు పట్టును. 60 వేగముతో పోయినయెడల 22 నిమిషములు. 80 వేగముతో పోయినయెడల 16 నిమిషముల 30 సెకండ్లు. అనగా 60నుండి 80కి పెంచి, ఎదుటివాని గుండెలదరునట్లు హారను మ్రోగించి, గేదెలమందను చీల్చుకొనిపోయి మనము సంపాదించునది అయిదున్నర నిమిషములు. అది కూడ దారి ఖాళీగానున్నప్పటి మాట. ప్రత్తి ట్రాక్టరు ఒకటి ముందున్నయెడల అదియు దక్కదు. ఆ అయిదున్నర నిమిషములను ఇంటియొద్ద కాఫీ గ్లాసు త్వరగా దించి సంపాదించుకొనవచ్చును. మరియొక లెక్క. 60 వేగములో బండి సెకండుకు 16 మీటర్లకు పైగా పోవును. చేతిలోని ఫోను మ్రోగినదని మూడు సెకండ్లు క్రిందికి చూచితిమా, సుమారు 50 మీటర్ల దారిని కన్నులు మూసికొని నడిపినవారమగుదుము. ఆ 50 మీటర్లలో ఎవరుందురో ఎవరికి తెలియును? మన ప్రాంతములో రోడ్డు రోడ్డు మాత్రమే కాదు. మొక్కజొన్నలు ఆరబోసిన కళ్లము. సాయంకాలము ఇల్లు చేరు గొడ్ల బాట. వెనుక దీపము లేని ట్రక్కు నిలుచు చావడి.

మరియొక సంగతి గమనించితిని. మనవారు పోవుటనుగూర్చి కొంచెమైన ఆలోచింతురు, వచ్చుటనుగూర్చి ఆలోచింపరు. ఉదయము పది గంటలకు బయలుదేరునప్పుడు ఎండ, వెలుతురు, ఉత్సాహము అన్నియు ఉండును. పని తెమలక, కొట్టువాడు కూర్చుండబెట్టి, చుట్టాలు భోజనమునకు నిలిపి, తిరిగి వచ్చునప్పటికి చీకటి పడును. అలసట వచ్చును. వెనుక కూర్చున్న బిడ్డ నిద్రపోవుచుండును. దగ్గర ప్రయాణము నిజముగా కష్టమైన భాగము అక్కడనున్నది.

ఆ వెనుక కూర్చున్నవారినిగూర్చియే నాకు ఎక్కువ విచారము. కేంద్ర రవాణా శాఖవారి లెక్క ప్రకారము 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయిరి. వారిలో హెల్మెట్టు లేక ద్విచక్రవాహనముమీద చనిపోయినవారు 50,029 మంది. ఆ యాభైవేలమందిలో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు. భార్యలు, తల్లులు, పిల్లలు, దారిలో ఎక్కించుకొన్న స్నేహితులు. వేగము ఎంతయని వారు నిర్ణయింపలేదు. ఎప్పుడు బయలుదేరవలెనో వారు నిర్ణయింపలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము నడుపువానికిని వెనుకవానికిని హెల్మెట్టు ఉండవలెనని చెప్పుచున్నను, మన ఇండ్లలో రెండవ హెల్మెట్టు ఎన్ని ఇండ్లలో కలదు? నా పరిచర్యలో ఒక ఇంట మూడు దినములు కూర్చుంటిని. ఆ ఇంటి కుమారుడు చెల్లెలి పెండ్లి పత్రికలు తెచ్చుటకు పొరుగూరికి పోయెను. పోలీసువారు తిరిగి అప్పగించిన బండి అద్దమునకు హెల్మెట్టు తగిలించియే యున్నది, గీత కూడ పడలేదు. "పట్నము కాదు గదా అయ్యగారూ, పక్క ఊరే గదా అనుకున్నాడు" అని తండ్రి మాటిమాటికి అనుచుండెను. అతనికి చెప్పుటకు నాయొద్ద మాట లేకపోయెను.

ఇక్కడ విశ్వాసియైన చదువరి ఒక ఆక్షేపణ తేవచ్చును. రేపటినిగూర్చి చింతపడవద్దని మనకు బోధింపబడలేదా? ఫలాని పట్టణమునకు పోయి లాభము గడించెదమని ధీమాగా మాటలాడువారిని యాకోబు తన పత్రికలో మందలింపలేదా? ఏర్పాట్లు చేసికొనుట అపనమ్మకము కాదా? యాకోబు మందలించినది రేపు తన చేతిలో నున్నదనుకొన్నవానిని. ఈ దారి నాకు అలవాటే, నాకేమియు కాదు అని హెల్మెట్టును అద్దమునకు తగిలించువాడే ఆ ధీమా గలవాడు. టైరు చూచుకొనువాడు తనకు రేపు వాగ్దానము చేయబడలేదని ఎరిగియుండియే చూచుకొనుచున్నాడు. ఏదో జరుగునని రాత్రియంతయు నిద్రలేక దొర్లుట చింత. దీపము పనిచేయుచున్నదో లేదో చూచి నిద్రపోవుట వేరు.

మంచి సమరయుని కథ మీరందరు ఎరుగుదురు. నేను అనేక ప్రసంగములు దానిమీద చేసితిని, మీరును వినియుందురు. అయితే అది రెండు పొరుగు పట్టణముల మధ్య దగ్గర దారిలో జరిగిన కథయని ఎప్పుడైన తలంచితిరా? యెరూషలేమునుండి యెరికోకు సుమారు 27 కిలోమీటర్లు. వెయ్యి మీటర్లకు తక్కువ కాని దిగుడు. మన కోటప్పకొండ చుట్టుదారికి ఆ దూరము ఇంచుమించు సరిపోవును. ఆ దారిని ముగ్గురు పోయిరి. ఆ సమరయుని జాలినిగూర్చి మనము చాల చెప్పుకొందుము, అతని సంచినిగూర్చి చెప్పుకొనము. గాయపడినవాడు కనబడినప్పుడు అతనియొద్ద నూనె యున్నది. ద్రాక్షారసమున్నది. ఎక్కించుటకు వాహనమున్నది. పూటకూళ్లవానికి ఇచ్చుటకు డబ్బున్నది. అంతేకాదు, తిరుగు ప్రయాణములో ఇటే వచ్చెదనని చెప్పగలిగెను, అనగా వచ్చుటనుగూర్చి కూడ ఆలోచించుకొనియే బయలుదేరెను. "దగ్గరే గదా" అని చేతులూపుకొనుచు వచ్చిన మనుష్యుడైనయెడల ఎంత జాలిపడినను ఏమి చేయగలడు? ప్రక్కన కూర్చుండి ఏడ్చియుండును. నేడు మనకు 2005 ఆగస్టు 15 నుండి 108 బండి కలదు. గాయపడినవానికి సహాయము చేసినవానిని కేసులలో ఇరికింపకుండ 2019లో చట్టమును సవరించిరి. అయినను ఫోనులో చార్జింగు లేనివాడు 108కి ఎట్లు పిలుచును?

ఇట్లు చూడగా మొదటి ప్రశ్నకు నా జవాబు మీకు తెలిసియే యుండును. కావలెనని చేయలేదనుట నిజమే కావచ్చును. గాని వెనుక కూర్చున్నవానిని, ఎదుట వచ్చువానిని బయలుదేరుటకు ముందు ఒక్క నిమిషమైనను తలంపలేదు గదా. ఆ తలంపకపోవుటయే ఆ మనుష్యుడు చేసిన పని. దానికి అతడు బాధ్యుడు.

అయితే ప్రయాణమును నిశ్చయించువాడు ఎల్లప్పుడు బండి నడుపువాడే కాడు. సంక్రాంతి దాటిన తరువాత మన మిరప పొలములకు పోవు ఆటోలను చూడుడి. సాధారణ ఆటోలో ముగ్గురు ప్రయాణికులకే అనుమతి. తెల్లవారకముందే పది, పన్నెండు మంది స్త్రీలు క్యారేజీలు ఒడిలో పెట్టుకొని, ఇద్దరు డ్రైవరుకు అటు ఇటు, ఇద్దరు వెనుక కాళ్లు వ్రేలాడవేసికొని పోవుచుందురు. రైతునడిగిన "అది మేస్త్రి చూచుకొనును" అనును. మేస్త్రినడిగిన "డ్రైవరు ఎక్కించుకొన్నాడు" అనును. డ్రైవరునడిగిన "ముగ్గురినే తీసికొనిపోతే డీజిలు ఖర్చు కూడ రాదండీ" అనును. ఆ స్త్రీనడిగిన "ఎక్కకపోతే ఈ రోజు కూలి పోవును" అనును. నలుగురిలో ఒక్కరును అబద్ధము చెప్పుటలేదు. ఒక్కరును ఎవరికిని కీడు కోరుటలేదు. గాని ఆ నలుగురిలో "మరియొక బండి పెట్టుడి" అని చెప్పగలవాడు ఎవరు? ఆ స్త్రీ చెప్పలేదు. డ్రైవరు చెప్పడు. మన సంఘములలో ఆ ఆటో ఎక్కువారును కలరు, ఆ పొలము గలవారును కలరు. ఆదివారము ఒకే చాపమీద కూర్చుందురు.

రైతైన చదువరీ, ఈ సంవత్సరము కోతలకు మేస్త్రితో కూలి మాటలాడునప్పుడే బండి మాటయు మాటలాడుడి. ఎందరు వత్తురు, ఎన్ని బండ్లు, పొద్దు గుంకకముందే పని విడిచెదరా అని అడుగుడి. రెండవ బండి కిరాయి మీరే పెట్టుకొనవలసివచ్చును. పురుగుమందు డబ్బాకు దుకాణములో ఎంత చెప్పిన అంత ఇచ్చి వచ్చుచున్నాము గదా.

మన సంఘములును తప్పించుకొనలేవు. కూటములకు, పెండ్లిండ్లకు ట్రాక్టరు ట్రక్కులో జనమును నింపుకొని పోవుట మనలో ఇప్పటికిని ఉన్నది. పాటలు పాడుకొనుచు పోవుదురు, చూచుటకు బాగుగానే యుండును. ట్రక్కు సరుకు మోయుటకు చేసినది, మనుష్యులను కాదు. తరువాతి కూటమునకు పోవుటకు ముందు సంఘపెద్దలు కూర్చుండి బస్సు ఎవరిది, కిరాయి ఎవరు పెట్టుదురు, ఎన్ని గంటలకు బయలుదేరవలెను అని మాటలాడుకొనవలసియున్నది. ముగింపు ప్రార్థన ఎన్ని గంటలకు చేసినయెడల వెనుక వరుసలోని ముసలమ్మలు వెలుతురుండగా ఇల్లు చేరుదురో, అదియు అప్పుడే నిర్ణయించుకొనవలెను.