బాణపు ములికి – విశ్వాసి బాధ్యత

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వైపు ప్రయాణిస్తే నల్లమల కొండలు దగ్గరవుతూ కనిపిస్తాయి. ఆ అడవుల్లోని చెంచులకు ఒకప్పుడు విల్లంబులే జీవనాధారం. ఆకలి తీర్చుకోవడానికి వారు ఇనుప ములికి గల బాణాలతో వేటాడేవారు. వేట మాట వచ్చినప్పుడల్లా మన యువకులకు ఒక సందేహం కలుగుతుంది: “ఇస్లాం వేటను హలాల్ చేసింది కదా! ఇక ఏ ఆయుధంతో కొడితే ఏమిటి? ఎక్కడ కొడితే ఏమిటి?”

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా, దీని వెనుక పెద్ద విషయమే ఉంది. ఒక పనికి అనుమతి దొరికితే, ఆ పని చేసే తీరుకు మనం జవాబుదారులం కామా?

పదును ఎందుకు?

హాతిం తాయి పేరు వినని ముస్లిం కుటుంబం ఉండదు. ఆయన కుమారుడు హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) వేటలో ఆసక్తి గలవారు. ‘మిఅరాజ్’ అనే ఈకలు లేని బాణంతో చేసే వేటను గురించి ఆయన దైవప్రవక్త (సల్లం)ను అడిగారు. అది మొనతో గుచ్చుకుని చీల్చితే తినవచ్చని, అడ్డంగా తగిలి దెబ్బతో చంపితే తినకూడదని ప్రవక్త (సల్లం) తెలియజేశారు. ఎందుకంటే దెబ్బకు చచ్చిన జంతువు ‘మౌఖూజ’ కిందికి వస్తుంది. మాయిదా సూరా 3వ ఆయతు దాన్ని నిషేధించింది. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఇందులోని వివేకాన్ని గమనించండి. తుపాకీ గుండు చంపే తీరు వేరు, బాణం చంపే తీరు వేరు. వెడల్పాటి, పదునైన ములికి లోపలి రక్తనాళాలను కోస్తుంది. సరైన చోట తగిలితే రక్తం వేగంగా పోయి జంతువు కొద్దిసేపట్లోనే పడిపోతుంది. అదే మొద్దుబారిన ములికి కండను నలగ్గొడుతుంది. గాయపడిన జంతువు బాణంతోనే పారిపోయి, ఏ పొద చాటునో గంటల తరబడి యాతన పడుతుంది. అందుకే నేడు వేట చట్టబద్ధమైన దేశాల్లో సంప్రదాయ విల్లు వాడేవారు దృఢమైన ములికిని ఎంచుకుని, ప్రతి వేటకు ముందు దాన్ని పదును పెట్టుకుంటారు. తమ విల్లు బలానికి తగిన దూరం దాటి బాణం వదలరు.

హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఉత్తమ రీతిని విధిగా చేశాడని, జబహ్ చేసేవారు కత్తిని పదును పెట్టుకుని జంతువుకు బాధ తగ్గించాలని దాని సారాంశం. అంటే ఆకురాయి మీద ములికిని నూరడం కేవలం వేటగాని నేర్పు కాదు, జంతువు పట్ల అతని బాధ్యత. ‘బిస్మిల్లాహ్’ అని పలికే నోరూ, మొద్దు ములికిని తొడిగే చేయీ ఒక్కరివే అయితే ఆ పలుకుకు ఏం విలువ ఇచ్చినట్లు?

సందేహం ఉన్న చోట

బాణం తగిలిన జంతువు నీటిలో పడి చనిపోయి దొరికితే తినవద్దని కూడా ప్రవక్త (సల్లం) హజ్రత్ అదీ (రజి)కి చెప్పారు. అది బాణంతో చచ్చిందో, నీటిలో మునిగి చచ్చిందో వేటగానికి తెలియదు కదా! అడవిలో సాక్షి లేడు. తీర్పు చెప్పవలసింది వేటగాని మనస్సాక్షే. ఇక ప్రాణమున్న జీవిని గురి నేర్చుకోవడానికి లక్ష్యంగా నిలబెట్టినవారిని ప్రవక్త (సల్లం) శపించారని హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) తెలిపారు. తిండికోసం చంపడం వేరు, సరదాకోసం హింసించడం వేరు.

చేతికి అందే వేట

మరి నల్లమల సంగతి? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ తరువాత మన దేశంలో అడవి జంతువుల వేట దాదాపు పూర్తిగా నిషిద్ధం. పైగా నల్లమల పులుల అభయారణ్యం. “హలాల్ కదా” అన్న వాదన ఇక్కడ నిలవదు. వేట అనుమతించబడిన విషయమే కాని, విధి కాదు. దాన్ని వదులుకుంటే పాపం లేదు. వదలకపోతే చట్టాన్ని మీరినట్లు, తరిగిపోతున్న జీవజాతులకు నష్టం చేసినట్లు.

ఖుర్ఆన్ కూడా ఇహ్రాం స్థితిలో వేటను నిషేధించింది. మాయిదా సూరా 94వ ఆయతు ప్రకారం, విశ్వాసుల చేతులకూ ఈటెలకూ అందేంత దగ్గరికి వేటను తెచ్చి అల్లాహ్ వారిని పరీక్షించాడు. చూడకుండానే తనకు భయపడేవారెవరో తేలాలన్నదే ఆ పరీక్ష ఉద్దేశం. అడవి అంచున ఎవరూ చూడని వేళ జింక ఎదురైతే మనకు వచ్చేదీ అలాంటి పరీక్షే. వేసిన బాణానికి పదును ఎంత అవసరమో, వేయని బాణానికి దైవభీతి అంత అవసరం.

మనలో విల్లు పట్టేవారు అరుదు. కాని బక్రీద్‌కు ప్రతి ఇంటా కత్తి బయటికి వస్తుంది. ముందురోజే దాన్ని నూరి ఉంచామా? జంతువు కళ్లెదుట నూరుతున్నామా? ఒకదాని ముందు మరొకదాన్ని కోస్తున్నామా? మన పిల్లలు ఇవన్నీ చూస్తారు. మాంసం రుచి కన్నా ముందు వారు నేర్చుకునేది మన చేతిలోని కారుణ్యాన్నో, కాఠిన్యాన్నో.

అల్లాహ్ మనకు పదునైన కత్తితో పాటు మెత్తని హృదయాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.