కనిపించని పోటీదారులు

తెలియని చోటికి పోటీకి వెళ్ళబోయే మనిషి ఆ చోటు గురించి ముందుగా ఎంతవరకు తెలుసుకోవచ్చు? అందులో ధర్మమైనదెంత, కానిదెంత? ఈ ప్రశ్న నాకు వేదాంత గ్రంథాలు చదువుతుంటే రాలేదు. గోల్ఫ్ వల్ల వచ్చింది. "డబ్బున్నవాళ్ళ గోళీలాటలో ధర్మసూక్ష్మాలు కూడానా మాస్టారూ?" అంటాడు మా గుంటూరు మిత్రుడు. ఆదివారం తెల్లవారుజామున నాతోపాటు ఆ గోళీలాటకే బయల్దేరతాడనుకోండి, అది వేరే సంగతి.

మేముండే ఐసెలిన్‌లో గోంగూర నుంచి గోల్డ్ షాపుల దాకా అన్నీ ఓక్ ట్రీ రోడ్డు మీదే దొరుకుతాయి. గోల్ఫ్ ఆడాలంటే మాత్రం కెనిల్‌వర్త్‌లోని గ్యాలపింగ్ హిల్‌కో, స్కాచ్ ప్లెయిన్స్‌లోని ఆష్ బ్రూక్‌కో వెళ్తాం. రెండూ కౌంటీ వాళ్ళ కోర్సులే. రుసుము కట్టిన ఎవరైనా ఆడుకోవచ్చు. ఈసారి విరాళాల కోసం జరిగే ఒక పోటీ పుణ్యమా అని, పావుగంట దూరంలో ఎడిసన్‌లో ఉన్న ప్లెయిన్‌ఫీల్డ్ కంట్రీ క్లబ్‌లో ఆడే అవకాశం వచ్చింది. 1921లో తెరిచిన కోర్సు అది. 2011లోనూ, 2015లోనూ బార్క్‌లేస్ పోటీకి ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళు అక్కడికి వచ్చారు. ఇన్నేళ్ళుగా దాని కంచె పక్కనుంచి కారులో పోవడమే తప్ప లోపల అడుగు పెట్టింది లేదు.

గోల్ఫ్ తెలియని వారి కోసం రెండు ముక్కలు. 18 గుంతలు. ఒక్కో గుంతలో బంతి పడేదాకా ఎన్ని దెబ్బలు కొట్టామో లెక్క. అన్నీ కలిపి తక్కువ దెబ్బలు కొట్టినవాడు గెలిచినట్టు. క్రికెట్‌లోలాగా ప్రతి బంతినీ చూసే అంపైరు ఉండడు. చెట్ల మధ్యకి పోయిన బంతి దగ్గర మీరూ, మీ మనసూ తప్ప మూడో మనిషి ఉండకపోవచ్చు. చివర్లో లెక్క కాగితం మీద మీరే సంతకం పెట్టాలి.

ఇక తయారీ సంగతి. ప్లెయిన్‌ఫీల్డ్ కోర్సును రూపొందించినవాడు డొనాల్డ్ రాస్. 1872లో స్కాట్లండ్‌లోని డోర్నోక్‌లో పుట్టి, 1899లో అమెరికా వచ్చేశాడు. అంటే మనలాగే వలస వచ్చినవాడు. డోర్నోక్‌లో గ్రీన్లు, అంటే గుంత ఉండే నున్నటి పచ్చిక చదరాలు, చాలావాటికి అరుగుల్లా ఎత్తు మీద ఉంటాయి. చిన్నప్పటి ఆ అరుగుల్ని రాస్ అమెరికా అంతటా కట్టుకుంటూ పోయాడు. మనం ఓక్ ట్రీ రోడ్డులో చేసుకున్నది కూడా ఇంచుమించు అదే కదా! అరుగు మీదికి కాస్త అటూ ఇటూగా కొట్టిన బంతి నిలవదు, జారి కిందికి పోతుంది. కాబట్టి ఇలాంటి కోర్సుకి వెళ్ళేవాడు "ఎక్కడ కొట్టాలి" అన్నదానికన్నా "తప్పితే ఏ పక్కకి తప్పాలి" అన్నది ముందు తేల్చుకోవాలి. గుంతకి దిగువన ఆగిన బంతిని ఎగువకి నెట్టడం సులువు. ఎగువన ఆగితే దాన్ని పల్లానికి వదలాలి. మెల్లగా తాకించినా అది ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం.

రాత్రిళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని ఉపగ్రహ చిత్రాలు చూశాను. దూరాలు కొలుచుకున్నాను. కానీ పైనుంచి తీసిన ఫొటోలో ఎత్తుపల్లాలు కనిపించవు. కొండా, మైదానమూ ఒకేలా పచ్చగా ఉంటాయి. అక్కడ ఆడి వచ్చిన ఒక పెద్దాయన్ని అడిగితే, "దూరాల పుస్తకం చూసి కొట్టు, కళ్ళని నమ్మకు" అన్నారు. ఇదంతా చేయవచ్చు, తప్పేం లేదు. మరి ఎక్కడ తప్పు మొదలవుతుంది?

ఆట నియమాలే కొంత దారి చూపిస్తాయి. దెబ్బల లెక్కన జరిగే పోటీలో, పోటీ రోజున ఆటకి ముందు ఆ కోర్సు మీద సాధన చేయకూడదు. ఆట మధ్యలో దూరమెంతని ఎవరినైనా అడగవచ్చు, అది అందరికీ తెలిసిన సమాచారం. "ఈ దెబ్బకి ఏ కర్ర వాడమంటారు?" అని తోటి పోటీదారుణ్ణి అడగకూడదు, అది సలహా. వీటన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది 2022లో వచ్చిన నియమం. అంతకుముందు పెద్ద ఆటగాళ్ళ జేబుల్లో గ్రీన్ల వాలుని యంత్రాలతో కొలిచి, బాణాలు గీసి అచ్చువేసిన పుస్తకాలుండేవి. పెద్ద పోటీల్లో వాటిని ఆపేశారు. వాలు గురించి ఆటగాడూ, అతని క్యాడీ తమ కళ్ళతో చూసి చేత్తో రాసుకున్నవి మాత్రం ఉంచుకోవచ్చన్నారు. చూడటం కూడా ఆటలో భాగమేనని, దాన్ని బజార్లో కొనుక్కోకూడదని దాని అర్థం. పరీక్ష ముందు రోజు దొరికే గైడు మీద మన మాస్టార్లు చిరాకు పడేది కూడా ఇందుకేనేమో. గైడులో ఉన్నది అబద్ధం కాదు. అది మన చూపు కాదు, అంతే.

అయితే, సభ్యుడైనవాడు ఏళ్ళ తరబడి చూసుకున్న చూపు మాటేమిటి? మా గుంటూరు మిత్రుడి వాదన సరిగ్గా ఇక్కడే మొదలైంది.

గోల్ఫ్‌లో హ్యాండికాప్ అని ఒకటుంది. మన ఇటీవలి 20 ఆటల్లోంచి మేలైన 8 తీసుకుని మన స్థాయిని లెక్కగడతారు. 2020 నుంచి ప్రపంచమంతటా ఇదే పద్ధతి. పోటీలో స్థాయిని బట్టి కొన్ని దెబ్బలు మినహాయిస్తారు. బలహీనుడికి ఎక్కువ మినహాయింపు. అందువల్లే నాలాంటివాడు కూడా మొనగాళ్ళతో సరిసమానంగా పోటీపడగలడు. ఆ ఆటల లెక్కలు నమోదు చేయవలసింది మాత్రం మనమే.

"ఈ నెలలో మీరు బాగా ఆడిన రెండాటలూ ఎక్కించకండి మాస్టారూ," అన్నాడు మిత్రుడు. "మినహాయింపు కాస్త పెరుగుతుంది. మోసం అనుకోకండి. క్లబ్ వాళ్ళకి ఆ గుట్టలూ గోతులూ కంఠతా వచ్చు. మనం కొత్తవాళ్ళం. వాళ్ళకున్న లాభం వాళ్ళకుండగా, మనకీ ఒక లాభం ఉంటే తప్పేముంది? సరికి సరి."

నవ్వి ఊరుకోవలసిన మాట కాదిది. ఐసెలిన్‌లో పదేళ్ళున్నవాడెవడైనా ఈ వాదనను ఇంకో రూపంలో విని ఉంటాడు. రెండేళ్ళ అనుభవాన్ని ఏడేళ్ళుగా రాసుకున్న రెజ్యుమె వెనకా, ఒకరి బదులు ఇంకొకరు ఫోన్లో ఇచ్చే ఇంటర్వ్యూ వెనకా ఉన్నది ఇదే తర్కం. ఇక్కడి వాళ్ళకి భాష తెలుసు, మనుషులు తెలుసు. మనకి వీసా గడువూ, ఊళ్ళో అప్పూ తప్ప ఏమున్నాయి? ఆట మొదలవకముందే మనం వెనకబడి ఉన్నాం, కాబట్టి కాస్త సర్దుకున్నాం. గోల్ఫ్‌లో స్థాయి తగ్గించి చెప్పుకుంటాం, ఉద్యోగంలో పెంచి చెప్పుకుంటాం. రెండింట్లోనూ జరిగే పని ఒక్కటే. అలా చేసినవాళ్ళందరినీ దొంగలనేంత తీరికగా నేను కూర్చోలేదు. వాళ్ళలో చాలామంది తర్వాత రాత్రింబవళ్ళు కష్టపడి ఆ పని నేర్చుకున్నారు, ఇళ్ళు నిలబెట్టుకున్నారు. వాళ్ళ అవసరం నిజం. అయినా ఆ తర్కంలో ఒక మనిషి లెక్కలోకి రాలేదు. అతనెవరో చెప్పాలంటే కాస్త ఈస్ట్ లేక్ దాకా వెళ్ళిరావాలి.

అట్లాంటాలోని ఈస్ట్ లేక్ కూడా రాస్ చేయి పడిన పాత కోర్సే. 2023 పోటీ అయిపోగానే దాన్ని తవ్వి, 1949లో విమానం నుంచి తీసిన ఒక ఫొటో ఆధారంగా ఆండ్రూ గ్రీన్ అనే రూపశిల్పి పునరుద్ధరించాడు. 2024 ఆగస్టులో టూర్ ఛాంపియన్‌షిప్‌కి వచ్చిన 30 మందికీ అది పాత పేరున్న కొత్త చోటు. వాళ్ళలో మనవాడొకడు, సాహిత్ తీగల. హైదరాబాద్ నుంచి వచ్చిన దంపతుల కొడుకు, కాలిఫోర్నియాలో పుట్టి పెరిగినవాడు, 2023లో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు. మూడో రోజు ఆటలో, మూడో గుంత దగ్గర, ఇసుక గోతిలోంచి కొట్టబోతూ కర్ర వెనక్కి తీసినప్పుడు అది ఇసుకని తాకిందని అతనికి అనిపించింది. నియమం ప్రకారం తాకకూడదు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. తనే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు దెబ్బలు జరిమానా పడింది. చివరికి రెండో స్థానానికి రెండు దెబ్బల దూరంలో మూడోవాడిగా నిలిచాడు. రెండో స్థానానికి కోటీ పాతిక లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షలు.

ఈస్ట్ లేక్ బాబీ జోన్స్ ఆట నేర్చుకున్న చోటు కూడా. 1925 యు.ఎస్. ఓపెన్‌లో, వూస్టర్‌లో, ఏపుగా పెరిగిన గడ్డిలో తన బంతి కదిలిందని అతనే చెప్పి ఒక దెబ్బ జరిమానా వేయించుకున్నాడు. అధికారులకి కనిపించలేదు. చివరికి విల్లీ మెక్‌ఫర్లేన్‌తో సమానంగా నిలిచి, ఆ తర్వాత జరిగిన అదనపు ఆటలో ఓడిపోయాడు. తనను పొగిడినవాళ్ళ మీద జోన్స్ విసుక్కున్నాడని చెబుతారు. బ్యాంకుని దోచనందుకు మనిషిని పొగుడుతారా అన్నది అతని అభిప్రాయం.

ఇలాంటివి విన్నప్పుడు మనం "ఆత్మసాక్షి" అంటాం. మంచి మాటే. కానీ ఆ మాటలో ఒక చిన్న చిక్కుంది. వ్యవహారమంతా నాకూ నా మనసుకీ మధ్యే ఉన్నట్టు అనిపిస్తుంది. నా మనసు శుభ్రంగా ఉంచుకోవడం నా సోకు, అవసరం పడితే ఆ సోకు వదులుకోవచ్చు అనే దాకా పోతుంది. సాహిత్‌కి డబ్బుకి కొదవ లేదు కాబట్టి నిజాయితీ చెల్లిందని కూడా అనేస్తాం.

దెబ్బల లెక్కన ఆడే ఆటలో విషయం అలా ఉండదు. ఇక్కడ నేను తలపడేది పక్కనున్న ఒక్కడితో కాదు. కొండకి అవతల, నాకు కనిపించని గుంత దగ్గర, వందమంది ఆడుతుంటారు. నేను దాచిన ఒక్క దెబ్బ వాళ్ళలో ప్రతి ఒక్కడి లెక్కనీ ఒక మెట్టు కిందికి నెడుతుంది. వాళ్ళకది ఎప్పటికీ తెలియదు. నన్ను చూసే అవకాశం వాళ్ళకి లేదు కాబట్టి, వాళ్ళ తరఫున నన్ను నేనే చూసుకోవాలి. అందుకే దాన్ని నేను గొప్ప గుణం అనను, బాకీ అంటాను.

మిత్రుడి తర్కంలో లెక్కకి రానివాడు వీడే. క్లబ్ సభ్యులకి కోర్సు తెలుసు, నిజమే. అది అందరికీ తెలిసిన లాభం, చూసి లెక్క వేసుకోగల లాభం. నేను దాచిన రెండాటలు ఎవరి లెక్కకీ అందవు. పైగా ఆ పోటీకి నాలాగే మొదటిసారి వస్తున్న కొత్తవాళ్ళుంటారు. వాళ్ళూ ఉపగ్రహ చిత్రాలు చూసి కళ్ళు నొప్పులు తెచ్చుకున్నవాళ్ళే. ఉన్న ఆటలన్నీ ఎక్కించి వచ్చిన అలాంటివాడి మీదే నా దొంగ మినహాయింపు ముందు పడుతుంది. అబద్ధపు రెజ్యుమె కూడా ఏ పెద్ద కంపెనీనో ముంచదు. రెండేళ్ళని రెండేళ్ళుగానే రాసి, ఫోన్ మోగుతుందేమోనని ఎదురుచూసిన మన తెలుగు కుర్రాణ్ణే ముంచుతుంది. అతని పేరు మనకి తెలియదు. తెలిసుంటే అంత సులువుగా చేయలేకపోయేవాళ్ళం.

ఇంత నీతి చెప్పే ఆటకి తన గేటు దగ్గర ఎంత నీతి ఉందని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ప్లెయిన్‌ఫీల్డ్ కోర్సు తెరిచిన 1921లోనే, అక్కడికి కొద్ది మైళ్ళలో, స్కాచ్ ప్లెయిన్స్‌లో షేడీ రెస్ట్ అనే కంట్రీ క్లబ్ మొదలైంది. నల్లజాతి వారు తమ కోసం తామే నడుపుకున్నది. వేరే క్లబ్ ఎందుకు కావలసి వచ్చిందో చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో చాలా క్లబ్బుల్లోకి వాళ్ళకి ప్రవేశం లేదు. అక్కడ చాలా ఏళ్ళు పనిచేసిన జాన్ షిపెన్, 1896లో పదహారేళ్ళ వయసులో యు.ఎస్. ఓపెన్ ఆడాడు. నల్లజాతి షిపెన్‌తోనూ, ఆదివాసి ఆస్కర్ బన్‌తోనూ కలిసి ఆడబోమని కొందరు మొండికేస్తే, వాళ్ళిద్దరే మిగిలినా సరే పోటీ ఆగదన్నాడు గోల్ఫ్ సంఘం అధ్యక్షుడు థియొడోర్ హేవ్‌మయర్. అయినా తెల్లవారికి మాత్రమే సభ్యత్వమనే నిబంధన పి.జి.ఎ. సంస్థలో 1961 దాకా ఉంది. అందులోని సభ్యులు ఇసుక రేణువు కదిలినా జరిమానా కట్టినవాళ్ళే. లెక్క కాగితం మీద నిజం చెప్పి, గేటు బయట ఉన్నవాణ్ణి మాత్రం లెక్కలో వేసుకోలేదు. మన ఊళ్ళలో బావుల దగ్గరా, గుళ్ళ దగ్గరా నిష్ఠగా ఉన్న పెద్దల కథ దీనికి భిన్నమేం కాదు.

కాబట్టి తెలియని కోర్సుకి తయారవడమంటే అరుగుల వాలు తెలుసుకోవడం ఒక్కటే కాదని నాకు అనిపిస్తోంది. ఆ నేల మీద నాతోపాటు ఇంకెవరున్నారో, ఎవరిని ఉండనివ్వలేదో కూడా తెలుసుకోవాలి. ఎత్తుపల్లాలు ఎలాగూ అక్కడికి వెళ్ళి కాళ్ళతో నడిస్తే తప్ప తెలియవు. పోటీకి ఇంకా మూడు వారాలుంది. ఆదివారాల్లో మేం స్నేహితులకిచ్చే మాఫీలు మానేసి, అంగుళం దూరంలో ఆగిన బంతిని కూడా గుంతలో వేసి లెక్క రాస్తున్నాం. మా మిత్రుడు గొణుక్కుంటూనే తన ఆటలన్నీ ఎక్కిస్తున్నాడు. నా రెండు మంచి ఆటలు కూడా ఎక్కించాను. మినహాయింపు ఒక దెబ్బ తగ్గింది. బహుమతి రాకపోవచ్చు. కొండకి అవతల ఆడుతున్న ఆ వందమందికి మాత్రం నేను బాకీ పడను.