ఆనవాలు

మునుపు చూచినవానిని మరల చూచి ‘ఆ దేవదత్తుడే ఈతడు’ అని ఎరుగుటకు శాస్త్రమునందు ‘ప్రత్యభిజ్ఞ’ అని పేరు. పూర్వదర్శనము లేనిదే ప్రత్యభిజ్ఞ లేదు. అట్లయినచో మనమెన్నడును చూడనివారిని బొమ్మలో చూచి వెంటనే గుర్తించుచున్నాము గదా, అది ఎట్లు సంభవించును?

ఈ సందేహమును నాకు కలిగించినవాడు ఎనిమిదేండ్ల మా మనుమడు. వానిని ధవళేశ్వరమునకు తీసికొనిపోవునపుడు, దారిలో గుఱ్ఱముపైనున్న విగ్రహమును చూచి ‘కాటన్ దొర!’ అనెను. ఇంటికి వచ్చి ‘బుడుగు’ బొమ్మను చూచి నవ్వుచు పేరు చెప్పెను. పాఠ్యపుస్తకములోని నన్నయ బొమ్మక్రింది పేరును నేను వ్రేలితో మూయగా మాత్రము, ‘ఎవరో ఋషి, తాతయ్యా’ అనెను. పిదప, ‘వీరిలో నిజముగా ఉన్నవారెవరు?’ అని అడిగెను.

బుడుగు కల్పితుడు. ధవళేశ్వరమున జన్మించిన ముళ్ళపూడి వెంకటరమణగారు (1931–2011) వానిని మాటలలో సృష్టింపగా, నరసాపురమున జన్మించిన బాపుగారు (1933–2014) గీతలలో రూపమిచ్చిరి. ఆ గీతయే వాని ముఖము. వేరొక ముఖము లేదు గనుక పొరపాటునకు తావు లేదు. నన్నయభట్టారకుడో, 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమందుండి భారతమును తెనిగింప మొదలిడిన నిజపురుషుడు. ఆయన కాలమునాటి చిత్రమేదియు మనకు దక్కలేదు. నేడు మనము చూచు ముఖము చిత్రకారుని ఊహయే. కల్పితుని గుర్తించి నిజపురుషుని గుర్తింపలేకపోవుట వింత కాదు. మనము గుర్తించునది వ్యక్తిని కాదు, మునుపు చూచిన బొమ్మను. తిరుమలలో దేవేరులతో చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయలను సైతము, ఎవరో చెప్పకున్న ఎందరు గుర్తింపగలరు?

భగవన్మూర్తుల విషయమున మన పెద్దలు ముఖముపై ఆధారపడలేదు. కేశవాది 24 మూర్తులకు ముఖభేదము లేదు. శంఖ చక్ర గదా పద్మములను ఏయే చేతులలో ధరించెనో, ఆ క్రమమును బట్టియే నామభేదము. లక్షణము తెలిసినవానికే మూర్తి తెలియును.

రూపము ఒక్కటియే చాలదని శ్రీమద్రామాయణమే చాటుచున్నది. వాలిసుగ్రీవులు పోరునపుడు ఇరువురి రూపములు ఒక్కటిగా నుండుటచే శ్రీరామచంద్రుడు బాణము విడువలేదు. రెండవమారు సుగ్రీవుని మెడలో గజపుష్పిలత వేయింపవలసి వచ్చెను. పంచవటిలో రావణుడు సన్న్యాసివేషమున రాగా, ఆ వేషమును గౌరవించిన తల్లి వంచింపబడెను. అశోకవనమున హనుమ వచ్చినపుడు ఆమె తొందరపడలేదు. శ్రీరాముని లక్షణములు చెప్పుమనెను. హనుమ స్వామి అవయవలక్షణములతోపాటు ధర్మమును, శీలమును వర్ణించి, అటుపిమ్మట ఉంగరమును సమర్పించెను. ఆనవాలు కన్నులతో చూచునది మాత్రమే కాదు, విచారించి తెలిసికొనునదియు నని ఆ తల్లి మనకు నేర్పినది.

కాషాయమును చూచి సాధువనియు, చినిగిన బట్టను చూచి అల్పుడనియు నిశ్చయించుట మనకు నిత్యకృత్యము. అదియు బొమ్మను గుర్తించుటయే గాని మనిషిని ఎరుగుట కాదు.

మనుమనితో నేనిట్లంటిని: ‘నాయనా, బుడుగు నిన్ను నవ్వించును. ఆ నవ్వు నిజము, వాడు కల్పితుడు. నన్నయగారి ముఖము కల్పితము, ఆయన పద్యము నిజము. కాటన్ దొర కాలువలలో నేటికిని నీరు పారుచున్నది.’ వాడు కొంతసేపు ఊరకుండి, ‘ఆ ఆనకట్టకు రాళ్లు మోసినవారి బొమ్మ ఏది?’ అని అడిగెను.

నాకు సమాధానము దొరకలేదు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆ పనిలో చెమటోడ్చిన వేలమంది కూలీలకు విగ్రహము లేదు, పేరును లేదు. వారిని గుర్తించుటకు మనకు మిగిలిన ఆనవాలు మన కంచములోని అన్నమే. ముద్ద నోటబెట్టుకొనుటకు ముందు గోవిందనామము స్మరించు వారు, ఆ ముఖములేని మహనీయులకును ఒక నమస్కారము చేయుదురు గాక.