వినిపించినదంతా ఉన్నదేనా?

కంప్యూటర్‌లో శ్రద్ధగా సంగీతం వినేవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తెగని తగవు ఒకటుంది. పాట అదే, ఫైలు అదే, అంకెలను నాదంగా మార్చే డాక్ అదే, హెడ్‌ఫోన్ అదే. మార్చింది ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. అయినా ఫూబార్‌లో గొంతు పొడిగా ఉందని, జేరివర్‌లో నిండుగా ఉందని, ఆడిర్వానాలో వాద్యానికీ వాద్యానికీ మధ్య ఎడం తెలుస్తోందని కొందరు గట్టిగా చెబుతారు. అంకెలు మారకుండా నాదం ఎలా మారుతుందని మరికొందరు అడుగుతారు. ఇంజినీర్లకూ రసికులకూ మధ్య గొడవగా దీన్ని వదిలేయడం నాకు నచ్చదు. మన దార్శనికులు శతాబ్దాలపాటు తర్కించిన ప్రశ్నే ఇందులో ఉంది: నాకు అనుభవమైంది అన్న మాట దేనికి ప్రమాణం, ఎంతవరకు ప్రమాణం? నా సమాధానం ఇది. తేడా వినిపించిందన్న అనుభవాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ తేడా ప్లేయర్ వల్లనే వచ్చిందన్నది చెవి విన్న విషయం కాదు, బుద్ధి చేసిన నిర్ణయం. నిర్ణయానికి పరీక్ష తప్పదు.

ముందు యంత్రంలో జరిగేది చూడాలి. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీల ప్రమాణం ప్రకారం ఒక్కో ఛానల్‌లో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనా 16 బిట్లు. ఫ్లాక్ వంటి నష్టం లేని ఫైలును విప్పితే ఆ అంకెలే ఒక్కటి కూడా మారకుండా తిరిగి వస్తాయి. వాటిని సౌండ్ పరికరానికి అందించడమే ప్లేయర్ పని. దారిలో మార్పు జరిగే చోట్లు ఉన్నాయి, వాటిని దాచకూడదు. విండోస్ మామూలుగా అన్ని ప్రోగ్రాముల శబ్దాలనూ ఒకచోట కలుపుతుంది. పరికరం 48,000 దగ్గర పెట్టి ఉంటే సీడీ పాటలోని 44,100ను ఆ లెక్కకు మారుస్తుంది. ప్లేయర్‌లో వాల్యూమ్ తగ్గిస్తే ప్రతి నమూనా విలువా మారుతుంది. ఈక్వలైజర్ వేస్తే సరేసరి. విండోస్ శబ్ద మార్గమైన వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లోనో, ఏసియో అనే డ్రైవర్ పద్ధతి ద్వారానో పంపితే ఆ కలిపే పని పక్కకు తప్పుకుంటుంది. వాల్యూమ్, ఈక్వలైజర్ ముట్టకుండా అప్పుడు రెండు ప్లేయర్ల నుంచి వెలువడిన ధారను పట్టి, నమూనాకు నమూనా సరిచేసి, ఒకదాన్ని తలకిందులు చేసి రెండో దానితో కూడితే సున్నా వస్తుంది. ఎక్కడో పల్చని శేషం మిగలడం కాదు, పాట మొదటి నుంచి చివరిదాకా ప్రతి నమూనా దగ్గరా సున్నాయే. అంకెలు ఒకటే అయినా అవి అందే సమయం మారవచ్చు కదా అంటారు. ఇప్పటి యూఎస్‌బీ డాక్‌లలో చాలావాటికి సొంత గడియారం ఉంటుంది. అలాంటి డాక్ వచ్చిన డేటాను బఫర్‌లో నిలిపి, తన లయకు తానే నాదంగా మారుస్తుంది. ప్లేయర్ చేయి ఆ గడియారం దాకా చేరదు.

ఇక చెవి సంగతి. తెలుగు పండితుడిగా పరంపర చెప్పుకునే 17వ శతాబ్దపు అన్నంభట్టు తర్కసంగ్రహంలో వినికిడికి ప్రత్యేక స్థానం ఇచ్చాడు. కన్ను వస్తువుతో సంయోగం వల్ల చూస్తుంది. శబ్దం మాత్రం ఆకాశ గుణం, చెవి కూడా ఆకాశమే, కనుక వినడంలో ఉన్నది సమవాయ సంబంధం. అంటే శబ్దానికీ చెవికీ మధ్య దూరం లేదన్నమాట. ఆ భౌతికశాస్త్రాన్ని నేడు ఒప్పుకోనక్కరలేదు కానీ, అందులోని వివేకం ఇప్పటికీ నిలుస్తుంది: చెవి నేరుగా అందుకునేది శబ్దాన్నే. ఆ శబ్దం వెనుక ఉన్న ఫైలు, ప్లేయర్, డ్రైవర్ ఏవీ చెవికి తగలవు. ఈ స్పష్టత ఈ ప్లేయర్‌దే అన్నప్పుడు మనం ప్రత్యక్షాన్ని దాటి అనుమాన ప్రమాణంలోకి, అంటే తర్కించి తేల్చే దారిలోకి అడుగుపెట్టాం. అక్కడ వ్యాప్తి, అంటే ఇది ఉన్నచోటల్లా అదీ ఉంటుందన్న నియమం చూపాలి. వ్యాప్తిని చెడగొట్టే ఉపాధి, అంటే దాగి ఉన్న అసలు షరతు, లేదని చూపాలి. తార్కికులు ఇచ్చే ఉదాహరణ అందరికీ తెలిసిందే. నిప్పు ఉంది కనుక పొగ ఉంటుందని చెబితే కుదరదు, ఎందుకంటే పొగకు అసలు కారణం పచ్చి కట్టె. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు.

ప్లేయర్ల పోలికలో పచ్చి కట్టె చాలాసార్లు శబ్ద తీవ్రత. రెండింటిలో ఒకటి డెసిబెల్‌లో కొన్ని పదో వంతులు ఎక్కువ బిగ్గరగా ఉంటే, అది బిగ్గరగా ఉన్నట్టు తోచదు. నిండుగా, దగ్గరగా, స్పష్టంగా ఉన్నట్టు తోస్తుంది. ఒక ప్లేయర్‌లో పాటల తీవ్రతను సమం చేసే రీప్లేగెయిన్ వేసి ఉండి మరోదానిలో లేకపోతే చాలు, ఈ తేడా పుడుతుంది. రెండో ఉపాధి, ఏ ప్లేయర్ మోగుతోందో ముందే తెలిసి ఉండటం. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చూపిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి: ఒక అక్షరాన్ని వినిపిస్తూ, వేరే అక్షరం పలుకుతున్న పెదవులను చూపిస్తే, చాలామందికి మూడో అక్షరం వినిపిస్తుంది. కిటుకు తెలిశాక కూడా అలాగే వినిపిస్తుంది. కన్ను చూసినదీ మనసు ఎదురుచూసినదీ వినికిడి పుట్టే చోటే కలిసిపోతాయి. అందుకే నిజాయితీగా వినడం ఒక్కటే రక్షణ కాదు. అబద్ధం ఆడని మనిషి కూడా లేని తేడాను వింటాడు.

ఈ ఉపాధులను తీసేసే మార్గమే ఏబీఎక్స్ పరీక్ష. ఫూబార్‌కు ఇందుకు ఒక అదనపు భాగం కూడా ఉంది. ఏ ఒకటి, బీ ఒకటి, ఎక్స్ ఆ రెండింటిలో ఏదో ఒకటి. తీవ్రతను సమం చేసి, రెండు ప్లేయర్ల నుంచి పట్టిన ధారలను అందులో పెట్టి, ఎక్స్ ఏదో చెప్పాలి. 16 సార్లలో 12 లేదా అంతకు మించి సరిగ్గా చెప్పడం గుడ్డి ఊహకు సాధ్యమయ్యే అవకాశం నాలుగు శాతం లోపే. ప్లేయర్ ఉంటే స్పష్టత ఉంది అన్న అన్వయం అందరూ చూపుతారు. అది లేకపోతే ఇదీ లేదు అన్న వ్యతిరేకం చూపించేది ఇలాంటి పరీక్ష. దీన్ని పడమటి దేశాల అపనమ్మకమని తోసేసేవాళ్ళు మన తర్కాన్నే మరచిపోతున్నారు.

మీమాంసకుల వైపు నుంచి గట్టి ఆక్షేపణ ఒకటి రావచ్చు. జ్ఞానం స్వతః ప్రమాణం, ప్రతి అనుభవానికీ వేరే సాక్షిని అడిగితే ఆ సాక్షికి మరో సాక్షి కావాలి, అంతు ఉండదు అని కుమారిలుని వాదం. లోకవ్యవహారానికి ఈ మాట సరైనదే. గ్లాసులో నీళ్ళు కనిపిస్తే పరీక్షించకుండానే తాగుతాం. కానీ ఆ వాదంలోనే మినహాయింపు ఉంది: జ్ఞానం పుట్టిన కారణంలో దోషం తెలిసినా, దాన్ని బాధించే మరో జ్ఞానం కలిగినా ఆ ప్రామాణ్యం నిలవదు. ఇక్కడ రెండూ ఉన్నాయి. తీవ్రతలో తేడా, ముందే తెలిసి ఉండటం కారణదోషాలు. సున్నాగా తేలిన కూడిక బాధకజ్ఞానం. సందేహించడానికి కారణం చేతిలో ఉన్నప్పుడు స్వతఃప్రామాణ్యం చాటున నిలబడటం కుదరదు.

పరీక్ష ఒత్తిడిలో సూక్ష్మమైన తేడాలు అందవన్నది మరో ఆక్షేపణ. దీనికి బలం ఉంది, తేలిగ్గా తీసుకోకూడదు. 2007లో మేయర్, మొరన్ ప్రచురించిన పరిశోధనలో, హై రిజొల్యూషన్ డిస్కుల శబ్దాన్ని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి, అంటే దాదాపు సగం. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రీస్ ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి లెక్కించినప్పుడు మాత్రం సగం కన్నా స్వల్పంగా ఎక్కువే తేలింది, శిక్షణ పొందినవాళ్ళలో ఆ శక్తి ఇంకా పెరిగింది. అంటే చెవికి సాధన పనికొస్తుంది, పరీక్ష ఆ సాధన ఫలాన్ని పట్టగలదు. సూక్ష్మ శ్రవణం ఉందన్నవాళ్ళకు ఇది శుభవార్తే. పైగా ఏబీఎక్స్‌కు గడువు లేదు. ఒక్కో ఎక్స్‌ను రోజుల తరబడి ఇంట్లో కూర్చుని వినవచ్చు. ఇంకొక మాట: ఆ ప్రయోగాల్లో పోల్చిన ధారలు నిజంగానే వేరువేరు. అంత తేడా ఉన్నచోటే ఫలితం ఇంత సన్నంగా ఉంటే, ఒకే అంకెలు పంపే రెండు ప్లేయర్ల మధ్య ఆకాశానికీ నేలకూ ఉన్నంత తేడా ఉందన్న వాదన మరింత బరువైన సాక్ష్యాన్ని మోయాలి.

చివరిది రసికుల మాట: ఆనందం కలిగింది, అది చాలదా? చాలు. రసం సహృదయుడిలో నిష్పన్నమవుతుందని మన ఆలంకారికులు ఏనాడో తేల్చారు. నచ్చిన తెర, ఆల్బమ్ బొమ్మ, వినడానికి కేటాయించిన ఒంటరి గంట, వీటన్నిటికీ అందులో వాటా ఉంది. వాటికోసం ఒక ప్లేయర్‌ను ఎంచుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. అయితే నాకు ఆనందం కలిగిందని చెప్పడం వేరు, ఈ సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని బాగుచేస్తుంది కనుక నువ్వూ కొను అనడం వేరు. రెండో మాట ఎదుటివాడి డబ్బుకు సంబంధించినది. తీవ్రత సమం చేసి, కళ్ళకు కనపడకుండా వినిపించినప్పుడు 16లో 14 సరిగ్గా చెప్పేవాళ్ళు ఎదురైతే నేను వాళ్ళ పక్షాన నిలుస్తాను. ఆ రోజు ముందుగా వెతకవలసింది విండోస్ ఎక్కడ 48,000కు మార్చిందో, ఏ వాల్యూమ్ పట్టీ పూర్తిగా పైకి లేదో.