పిల్లల చదువు: బాధ్యత ఎప్పుడు తీరినట్టు?

“పిల్లవాణ్ణి బడిలో వేశాం, ఫీజు కట్టాం, సాయంత్రం మక్తబ్‌కూ పంపుతున్నాం. ఇక మా బాధ్యత తీరినట్టే కదా!” అని మనలో చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. నిజంగా తీరిందా? కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

హిజ్రీ 2వ సంవత్సరం (క్రీ.శ. 624) బద్ర్ యుద్ధంలో మక్కావాసులు సుమారు 70 మంది ఖైదీలుగా పట్టుబడ్డారు. స్తోమత ఉన్నవారు పరిహారం చెల్లించి విడుదలయ్యారు. స్తోమత లేకున్నా రాయడం వచ్చినవారికి దైవప్రవక్త ముహమ్మద్ (స) మరో మార్గం చూపారు. ఒక్కొక్కరు మదీనా పిల్లల్లో పదిమందికి రాత నేర్పాలి. ఇబ్నె సఅద్ ఉల్లేఖనం ప్రకారం ఆ పిల్లలకు రాత బాగా పట్టుబడినప్పుడే పరిహారం చెల్లినట్టు. తర్వాతి కాలంలో ఖుర్ఆన్ సంకలన బాధ్యతను మోసిన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) కూడా అలా నేర్చుకున్నవారిలో ఒకరని ఆ ఉల్లేఖనమే చెబుతోంది.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ‘ఇన్ని రోజులు పాఠం చెప్పు, వెళ్ళిపో’ అని షరతు పెట్టలేదు. పిల్లలకు వచ్చాకే విడుదల. శత్రువుకు పెట్టిన ఈ కొలమానం కన్నతల్లిదండ్రులకు వర్తించదా?

మన ఆర్మూరునే తీసుకోండి. ముస్లిం పిల్లవాడు ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు. అంగట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబీ. పాఠం అడిగితే గడగడా ఒప్పజెబుతాడు. అదే పుస్తకంలో ఇంకా చెప్పని పేజీ తీసి చదవమంటే తడబడతాడు. ఖుర్ఆన్ కంఠస్థం చేయడం గొప్ప పుణ్యం. దాన్ని ఎవరూ తక్కువ చేయరాదు. కానీ గుర్తుంచుకోవడం వేరు, చదవడం వేరు.

ఇది మార్కుల విషయం మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించిన విషయం. రైతు పసుపు తవ్వి, ఉడికించి, ఆరబెట్టి నిజామాబాద్ యార్డుకు తీసుకెళ్తాడు. కొమ్ముకు ఒక ధర, మండకు ఒక ధర. తూకం, ధర చీటీలో రాసిస్తారు. దాన్ని చదవలేనివాడు ఎదుటివాడి నిజాయితీ మీదే ఆధారపడాలి. ఎదుటివాడు దైవభీతి లేనివాడైతే ఒకరు నష్టపోతారు, మరొకరు పాపంలో పడతారు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు (అల్ బఖరా: 282) అప్పును రాసుకోవడం గురించే అవతరించింది. రాసేవాడు న్యాయంగా రాయాలని, రాయడానికి నిరాకరించరాదని అది ఆదేశిస్తోంది. పిల్లవాడికి చదువు రాకుండా వదిలేస్తే, రేపు వాడి హక్కును పరుల చేతిలో పెట్టినట్టే.

మరి ఏ భాషతో మొదలుపెట్టాలి? పిల్లవాడికి అర్థమయ్యే భాషతో. ఆ మదీనా పిల్లలు నేర్చుకున్నది తమ మాతృభాషలోనే. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించేందుకు కృషి చేయాలని 1956లో మన రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం కూడా చెబుతోంది. అక్షరం కలిపితే మాట అవుతుందని, మాటకు అర్థం ఉంటుందని ఒక భాషలో తెలిసిన పిల్లవాడికి మిగతా లిపులు సులువవుతాయి.

“తండ్రి గల్ఫ్‌లో, తల్లి రోజంతా బీడీలు చుడుతూ ఉంటే ఎవరు చూస్తారు?” అనవచ్చు. న్యాయమైన మాటే. అలాంటి ఇంటి భారం మొహల్లా మొత్తానిది. చదువు వచ్చిన ఒక్కో యువకుడు ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టుకున్నా చాలు. తల్లికి చదువు రాకపోయినా మందుల చీటీనో, కరెంటు బిల్లునో ఇచ్చి “చదివి చెప్పు బేటా” అనవచ్చు. తడబడితే కొట్టవద్దు, తిట్టవద్దు. బెదిరిన పిల్లవాడు చదవడు, చదివినట్టు నటిస్తాడు.

సోదర సోదరీమణులారా! సంతానం మన చేతిలో ఉన్న అమానతు. ఫీజు రసీదు చూసి తృప్తిపడకండి. ఈ రాత్రే పిల్లవాడు ఇంతవరకు చూడని ఒక వాక్యం వాడి ముందుంచండి. బాధ్యత ఎంత తీరిందో, ఇంకెంత మిగిలిందో అదే చెబుతుంది. ఆ మిగిలినదాన్ని నెరవేర్చే శక్తిని, ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.