వసంతపు మంట మిగిల్చే బాకీ

అస్సాంలోని కాజీరంగాలో చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో అటవీ సిబ్బంది ఎండిన గడ్డికి నిప్పు పెడతారు. బ్రహ్మపుత్ర వరదతో బతికే చిత్తడి నేల అది. ఏనుగుగడ్డి మనిషి తలను మించి ఎదుగుతుంది. ఏళ్ల తరబడి కాల్చకుండా వదిలేస్తే పొదలూ చెట్లూ కమ్మి గడ్డినేల అడవిగా మారిపోతుంది. కాలిన చోట త్వరలోనే లేతగడ్డి మొలుస్తుంది, ఖడ్గమృగాలూ జింకలూ మేతకు దిగుతాయి. మన బట్టమేకపిట్టకు చుట్టమైన బెంగాల్ ఫ్లోరికన్ ప్రపంచం మొత్తం మీద వెయ్యికి లోపే మిగిలిందని అంచనా. వసంతంలో దాని మగపక్షి పొట్టిగడ్డి మీద గాల్లోకి ఎగిరెగిరి ఆడపక్షిని పిలుస్తుంది. కానీ అదే గడ్డిలో చిత్తడి కౌజుపిట్ట నేలమీద గుడ్లు పెడుతుంది. మంట ఆలస్యమైతే ఆ గుడ్లు మిగలవు. దుర్భిణి పట్టుకుని చూసేవారి కంటికి మాత్రం మంట అంచున మిడతలను అందుకుంటున్న పాలపిట్టలూ ఏట్రింతలే ఆనుతాయి. ఒక జాతి నిలవడానికి పెట్టిన నిప్పులో కాలిన ప్రాణానికి జవాబుదారీ ఎవరు?

ఎవరూ కాదు, మొత్తానికి మేలే జరిగింది కదా అనేది సులువైన సమాధానం. మతాలు కూడా లోకంలోని బాధకు తరచుగా ఇదే జవాబు చెప్పాయి. అమెరికన్ తత్త్వవేత్త విలియం రో 1979 నాటి వ్యాసంలో, పిడుగు పడి అంటుకున్న అడవిలో ఒళ్లు కాలి రోజుల తరబడి నరకయాతన పడి చనిపోయే జింకపిల్లను ఊహించమన్నాడు. ఆ బాధ వల్ల ఎవరికీ ఏ మేలూ కనిపించనప్పుడు సర్వశక్తిమంతుడైన దయామయుడు దాన్ని ఎందుకు ఆపలేదన్నది ఆయన ప్రశ్న. కాజీరంగాలో మేలు కళ్ల ముందే ఉంది. అయినా కౌజుపిల్ల స్థితి ఆ జింకపిల్ల స్థితికన్నా రవ్వంతైనా మెరుగు కాదు, ఎందుకంటే ఆ మేలులో దానికి వాటా లేదు. ప్రయోజనం ఉందని రుజువు చేసినంత మాత్రాన బాధకు సమాధానం చెప్పినట్టు కాదు.

మన ఆదిపర్వానికి ఈ సంగతి తెలుసు. ఖాండవదహనాన్ని కృష్ణార్జునుల ఘనకార్యంగా చెబుతూనే, కథ నడిమంటలో ఒక గూటి దగ్గర ఆగుతుంది. రెక్కలు రాని నలుగురు పిల్లలను ఎలా కాపాడుకోవాలో తెలియక జరిత అనే శార్ఙ్గకపక్షి తల్లడిల్లుతుంది. నువ్వు ఎగిరిపో, బతికుంటే మళ్లీ పిల్లల్ని కంటావని ఆ పసికూనలే తల్లికి చెబుతాయి. అగ్నిని స్తుతించి అవి బయటపడ్డాయి. స్తుతించడం రాని వేలాది ప్రాణులు బూడిదయ్యాయన్నదీ ఆ కథలోదే. ఆ గూటి పక్కన నిలబడి చూస్తే, మొత్తానికి మేలే అనే మాట నోట రాదు.

అలాగైతే నిప్పే పెట్టకూడదు, అదే అహింస అంటారు కొందరు. ఈ వాదానికి భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పక్షుల ఉద్యానం జవాబు చెప్పింది. పక్షుల మేలు కోరి 1982లో అక్కడ పశువుల మేతను నిషేధించారు. ఆ నిషేధంపై రేగిన గొడవలో పోలీసు కాల్పులకు గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. గేదెలు పోయాక గడ్డి విచ్చలవిడిగా పెరిగి నీటిని కప్పేసింది. మేత ఆపడం పక్షులకే చేటు చేసిందని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దీర్ఘకాల పరిశోధన తేల్చింది. మనిషి చేతులు కట్టుకు కూర్చున్నా ప్రాణాలు పోతూనే ఉంటాయి, కాకపోతే అవి ఎవరి లెక్కలోకీ రావు. ఇక వరదలోనూ జంతువులు చస్తాయి కదా, మంట మీదే ఎందుకీ పట్టింపు అనేవారున్నారు. వరదకు తేదీ ఎంచుకునే వీలు లేదు. అగ్గిపుల్ల గీసేవాడికి ఉంది.

ధర్మశాస్త్రాల్లోని పంచసూనల భావన ఇక్కడ దారి చూపుతుందని నా నమ్మకం. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకడవ: ఈ ఐదింటి దగ్గరా గృహస్థు చేతిలో రోజూ ప్రాణులు చస్తాయని మనుస్మృతి చెబుతుంది. వంట మానమని చెప్పదు, వంట అవసరం కాబట్టి పాపం లేదనీ చెప్పదు. రోజూ తీర్చాల్సిన ఐదు యజ్ఞాలను విధించింది. ప్రాణులకు ఆహారం పెట్టే భూతయజ్ఞం వాటిలో ఒకటి. తప్పనిసరి హింసను ఒప్పుకుని, దాన్ని కడిగేసుకున్నామని అనుకోకుండా బాకీగా మోయడం ఇందులోని గొప్పతనం. ఇది చంపడానికి రశీదు ఇచ్చినట్టు కాదా అనే అనుమానం న్యాయమైనదే. తీర్చే పని నష్టపోయినవారిని చేరకపోతే అది రశీదే అవుతుంది. అందుకే కాజీరంగా బాకీని కౌజులకే తీర్చాలి. గూళ్ల కాలం రాకముందే కాల్చడం ముగించాలి. అంతా ఒక్కసారి కాకుండా మడులు మడులుగా కాల్చి, పారిపోయే జీవాలకు పచ్చిగడ్డి పట్టీలు వదలాలి. ఆలస్యమైతే ఆ ఏడు ఆ మడిని విడిచిపెట్టాలి. చూడ్డానికి వెళ్లేవారికీ ఇందులో భాగముంది. మంట అంచున ఎగిరిన పాలపిట్టలను రాసుకునే పుస్తకంలోనే, చల్లారిన నేల మీద కనిపించిన కాలిన గుడ్లనూ రాయండి. ఆ లెక్కను అటవీశాఖకు అందించండి, వచ్చే ఏడు తేదీ మార్చమని అడగండి.