రుతువుకు ముందే పని

అత్తిలి,
సుబ్రహ్మణ్య షష్ఠి మర్నాడు

చిరంజీవి అమ్మలూ,

ఉత్తరం అందింది. కడియం నుంచి పాన్సీ నారు తెచ్చావట, సంతోషం. ఎండలు ముదిరితే పోయే మొక్కకు ఇంత శ్రమ దేనికని అడిగావు. చెబుతాను, విను.

పాన్సీ చల్లని దేశపు పువ్వు. ఐరోపా పొలాల్లో మొలిచే చిన్న అడవి పూలను రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు తోటమాలులు సంకరం చేసి, మేలైనవి ఏరి, ఈ పెద్ద రేకుల పువ్వును సాధించారు. మన డెల్టాలో దానికి నప్పేవి డిసెంబరు, జనవరి నెలలే. ఎండ పెరిగేకొద్దీ కాడలు సాగి, పువ్వు చిన్నదైపోతుంది. కొద్దికాలం ఉండేది కాబట్టే దానికి ఏ రోజు పని ఆ రోజు జరగాలి.

మన బంకమట్టి ఒక్కటే కుండీలో పొయ్యకు. నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. ఇసుక, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలుపు. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. వాడిన పువ్వును కాడతో సహా తుంచెయ్యి. గింజ కట్టనిస్తే మొక్క సత్తువంతా అటే పోయి, కొత్త మొగ్గ తగ్గిపోతుంది.

వచ్చే ఏడు విత్తనమే వెయ్యి. వానలు వెనకపట్టాక నీడపట్టున చల్లి, గింజ మీద పల్చగా మట్టి కప్పు. ఆ గింజ చీకట్లోనే బాగా మొలుస్తుంది. పూతకు రావడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుంది. చామంతీ అంతే. వానాకాలంలో నాటి, చివుళ్లు గిల్లితేనే గుబురు కట్టి, రాత్రులు పొడవయ్యాక మొగ్గ తొడుగుతుంది. భోగి ముందు నాటి ఎన్ని నీళ్లు పోసినా గొబ్బెమ్మ మీదికి పువ్వు రాదు.

చదువూ, ఒంటి ఆరోగ్యమూ, నలుగురితో మంచీ ఈ తీరువే. అవసరం నెత్తిమీదికొచ్చాక పడే కంగారు శ్రమ అనిపించుకోదమ్మా. ఎవరూ చూడని రోజుల్లో చేసిందే అక్కరకొస్తుంది.

పాన్సీలు వాడిపోతాయని దిగులుపడకు. అవి నిండుగా పూసే రోజుల్లోనే మల్లెపొదకు కొన్నాళ్లు నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి మళ్లీ తడిపెట్టు. వేసవి మొగ్గ ఆ కత్తిరింపు మీదే వస్తుంది. ఈ జనవరిలో ఆ పని మరిచిపోకు.

ఆశీస్సులతో,
తాతయ్య